ఆన్ చేయగానే ‘డ్రైవ్ రిపేర్’ అంటూ 10 శాతం దగ్గర ఆగిపోతోంది, మా అత్తయ్య పాటలు అందులోనే ఉన్నాయి

గోదారి గట్టు (పాలకొల్లు) – ప్రశ్న

అందరికీ నమస్కారమండి. నాలుగు రోజుల నుంచి మా ఇంట్లో కంప్యూటర్ సతాయిస్తోంది. ఆన్ చేస్తే విండోస్ గుర్తు వచ్చి, దాని కింద ‘స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్ డి’ అని పడుతోంది. మొదటి రోజు ఐదు నిమిషాల్లో అయిపోయి మామూలుగానే తెరుచుకుంది, పెద్దగా పట్టించుకోలేదు. రెండో రోజు ముప్పావు గంట పట్టింది. మూడో రోజు అసలు ఆన్ చేయలేదు. నిన్న పొద్దున ఆరున్నరకి ఆన్ చేస్తే 10 శాతం దగ్గర ఆగింది. వంట అయి, పిల్లాడి క్యారేజీ సర్ది, ఎనిమిదిన్నరకి వచ్చి చూసినా 10 శాతమే. ఏం చేయాలో తోచక బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను.

డబ్బా పక్కన చెవి పెడితే లోపల టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు కొట్టి, కాసేపు ఆగి, గర్రుమని తిరిగి, మళ్ళీ టిక్ అంటోంది. గోరుతో రేకు మీద కొట్టినట్టుంది ఆ చప్పుడు. ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు.

కంప్యూటర్ 2013లో భీమవరంలో అసెంబుల్ చేయించింది. 1 టీబీ హార్డ్‌డిస్క్ ఒక్కటే, దాన్నే సి, డి అని రెండు చేశారు. విండోస్ 10. ఇన్వర్టర్ మీద నడుస్తుంది. పోయిన వారం గాలివానకి కరెంటు రోజుకి పదిసార్లు పోయి వచ్చింది, కంప్యూటర్ కూడా రెండు మూడుసార్లు టక్కున ఆగి మళ్ళీ లేచింది.

సినిమాలూ అవీ పోతే పోనివ్వండి. డి డ్రైవ్‌లో ‘అత్తయ్య పాటలు’ అని ఒక ఫోల్డర్ ఉంది. 2016 ఎండాకాలంలో మా ఆడపడుచూ నేనూ ఆవిణ్ణి వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేశాం. మంగళహారతులు, దంపుళ్ల పాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు, మొత్తం 64. చాలావాటికి ఎక్కడా పుస్తకం లేదు, వాళ్ళ అమ్మమ్మ నోటి నుంచి ఆవిడకి వచ్చినవి. 2019లో ఆవిడ పోయారు. ఆ ఫోనూ పోయింది. ఇంకెక్కడా కాపీ పెట్టుకోలేదు.

ఊళ్ళో ఒక షాపులో అడిగితే ‘ఫార్మాట్ కొట్టేస్తే బాగైపోద్ది, లోపలివి మాత్రం చెప్పలేం’ అన్నారు. భయం వేసి తిరిగొచ్చేశాను. ఈ రిపేర్‌ని పూర్తిగా అవనివ్వాలా? ఎంతసేపు ఆగాలి? మధ్యలో ఆపడం వల్ల పాటలకి ఏమైనా అయ్యుంటుందా?

రాత్రి డ్యూటీ

మేడమ్, మధ్యలో ఆపకూడదు. పెద్ద డిస్క్ కదా, టైమ్ పడుతుంది. స్కిప్ చేసి లోపలికి వెళ్ళి, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డి డ్రైవ్‌కి చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టి రాత్రంతా వదిలేయండి. బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్ మీద పాడైన చిన్న గడులు, ఉంటే అదే పక్కన పెట్టేస్తుంది. మా ఆఫీసులో రెండు సిస్టమ్‌లు అలాగే బాగయ్యాయి.

ఖమ్మం మెకానిక్

అక్కా, ఇది చదివేటప్పటికి కంప్యూటర్ ఆన్‌లో ఉంటే ముందు ఆపేయండి. స్లాష్ ఆర్ మాత్రం కొట్టకండి. పైన తమ్ముడి మీద కోపం కాదు. ఆ సలహా ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కి పనికొస్తుంది. టిక్‌టిక్‌మనే డిస్క్‌కి ప్రాణం మీదికి తెస్తుంది.

చెక్‌డిస్క్ ఏం చేస్తుందో చెప్తాను. ఏ ఫైల్ డిస్క్ మీద ఎక్కడుందో రాసుకునే లెక్కల పుస్తకం ఒకటి ఉంటుంది. కరెంటు టక్కున పోతే ఆ పుస్తకంలో రాత సగంలో తెగుతుంది. విండోస్ అలాంటి డ్రైవ్‌కి ఒక గుర్తు పెట్టుకుని, డర్టీ బిట్ అంటాం దాన్ని, ఈసారి ఆన్ చేసినప్పుడు పుస్తకం సరిచూస్తుంది. డిస్క్ బాగుంటే నిమిషాల్లో అయిపోయే పని. మీకు మొదటి రోజు అయింది అదే కావచ్చు. కానీ ఐదు నిమిషాలు ముప్పావు గంటయి, ముప్పావు గంట రెండు గంటలయిందంటే లెక్క తప్పిందని కాదు, ఆ పుస్తకం కాగితమే చిరుగుతోందని.

అప్పుడు స్లాష్ ఆర్ కొడితే ఏమవుతుందంటే, అది డ్రైవ్ మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి చదవబోతుంది. పాడైన చోట ఆగి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. మీ పాటలు పైకి తీయడానికి మిగలాల్సిన ఓపికంతా అక్కడ ఖర్చయిపోతుంది. పైగా చదవలేని ముక్క ఏదైనా ఫైల్‌లో ఉంటే, ఆ ముక్క వదిలేసి లెక్క సరిచేసి ‘రిపేర్ అయింది’ అంటుంది. డ్రైవ్ తెరుచుకుంటే దాని పని అయిపోయినట్టే. లోపలి పాట గురించి దానికేం తెలుసు.

2009లో ఈ పని నేనే చేశాను. ఒక టీచర్‌గారు కూతురి పెళ్ళి ఫొటోలున్న డిస్క్ తెచ్చారు. ఇదే చప్పుడు. రాత్రి షాపు మూసేముందు స్లాష్ ఆర్ పెట్టి ఇంటికెళ్ళాను. పొద్దున షట్టర్ ఎత్తి చూస్తే విండోస్ కంటే ముందు లేచే బయోస్‌లో కూడా డిస్క్ కనిపించలేదు. రాత్రి తెచ్చినప్పుడు ఫోల్డర్లు తెరుచుకున్నాయి, ఫొటోలు నా కళ్ళతో చూశాను. ముందు కాపీ తీసి ఉంటే ఆయన ఫొటోలు ఆయన చేతికి ఇచ్చేవాణ్ణి. అప్పటి నుంచి నా బల్ల మీదికి ఏ డిస్క్ వచ్చినా ముందు కాపీ, తర్వాతే రిపేరు.

మీరు మధ్యలో ఆపినందుకు బాధపడకండి. రెండు గంటలు కదలని దాన్ని ఆపడమే మంచిదయింది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే, డిస్క్ ఆరోగ్యం చూపించే ఉచిత ప్రోగ్రామ్ వేరే కంప్యూటర్‌లో దించండి. జిప్‌గా దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. దాన్ని ఆ పెన్‌డ్రైవ్‌లోనే వేసుకోండి. మీ కంప్యూటర్ ఆన్ చేయగానే డిస్క్ చెకింగ్ వద్దనుకుంటే ఏదైనా కీ నొక్కమని కొన్ని సెకన్లు అడుగుతుంది. నొక్కి స్కిప్ చేయండి. డెస్క్‌టాప్ రావడానికి ఎంతసేపు పట్టినా కదపకండి.

వచ్చాక ముందు పాటలు. 64 పాటలంటే కొన్ని వందల ఎంబీలు, అంతే. కాపీ–పేస్ట్ చేస్తే పాడైన పాట దగ్గర విండోస్ బిగుసుకుపోతుంది. అందుకని రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడండి, విండోస్‌లోనే ఉంటుంది. ఒక్క సంగతి చూసుకోవాలి. ఏమీ చెప్పకపోతే రోబోకాపీ చదవలేని ఫైల్‌ని 10 లక్షల సార్లు, సారికీ సారికీ మధ్య 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. అందుకని చివర స్లాష్ ఆర్ కోలన్ సున్నా, స్లాష్ డబ్ల్యూ కోలన్ సున్నా అని కొట్టండి. రాని పాటని వదిలేసి తర్వాతి దానికి పోతుంది. ఈ స్లాష్ ఆర్ వేరు, చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ వేరు, కంగారు పడకండి.

పాటలయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి, కనిపించిన పట్టీ మొత్తం ఫోన్‌తో ఫొటో తీసి, కంప్యూటర్ ఆపేయండి. 05, సీ5, సీ6, సీ7 వరసల్లో చివరి గడి నాకు కావాలి.

కూకట్‌పల్లి

ఖమ్మం అన్న చెప్పింది చేయండి. ఆ పట్టీలో సీ7 మాత్రం జాగ్రత్తగా చూడండి. మేం ఇల్లు మారినప్పుడు కంప్యూటర్ ఆటోలో వచ్చింది, ఆ మర్నాటి నుంచి ఇదే స్కానింగ్ స్క్రీన్. హార్డ్‌డిస్క్ పోయిందనుకున్నాం. చూస్తే 05, సీ5 రెండూ సున్నాలే, సీ7 ఒక్కటే పెరుగుతోంది. అది డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య ఉండే సాటా కేబుల్ మీద పోయిన తప్పుల లెక్క. ఎర్ర కేబుల్ ఒక చివర వదులై వేలాడుతోంది. కొత్త కేబుల్ వేశాం, అంతే. పాత లెక్క తగ్గదు, పెరగకుండా ఉంటే చాలు.

వెన్నెల

తేదీ, టైమ్ తప్పు చూపిస్తోందా? మదర్‌బోర్డు మీద సెల్ అయిపోయినా ఆన్ అయ్యేటప్పుడు గొడవ చేస్తుంది.

ఖమ్మం మెకానిక్

చేస్తుందండీ. ఆ 2032 సెల్ అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. దాంతో డిస్క్ మోడ్ మారిపోయి విండోస్ లేవని కేసులు చూశాను. కానీ సెల్ అయిపోతే డిస్క్ టిక్‌టిక్ అనదు. అక్క చెప్పిన వాటిలో నన్ను భయపెట్టింది ఆ చప్పుడే.

గోదారి గట్టు

డెస్క్‌టాప్ రావడానికి 14 నిమిషాలు పట్టిందండి. దేవుడి దయవల్ల వచ్చింది. రోబోకాపీ చెప్పినట్టే కొట్టాను, 64లో 61 పాటలు పెన్‌డ్రైవ్‌లోకి వచ్చేశాయి. మూడింటి దగ్గర ఎర్రర్ చూపించి వదిలేసింది. ఆ మూడింటిలో ఒకటి అప్పగింతల పాట. మా పెద్దమ్మాయి పెళ్ళిలో పెట్టుకోవాలని ఎప్పటి నుంచో అనుకున్న పాట అది.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పైన పసుపు రంగులో ‘కాషన్’ అని ఉంది. 47 డిగ్రీలు. నడిచిన గంటలు 21,460. 05 ఎదురుగా చివరి గడిలో 10, సీ5 ఎదురుగా బీ8, సీ6 ఎదురుగా కూడా బీ8, సీ7 ఎదురుగా సున్నా. బీ8 అంటే ఏంటండి? అంకెల్లో అక్షరం ఎందుకొచ్చింది?

ఖమ్మం మెకానిక్

61 వచ్చాయంటే సగం భయం పోయినట్టే. ఆ పెన్‌డ్రైవ్‌ని ఇప్పుడే ఇంకో కంప్యూటర్‌కి పెట్టి మరో కాపీ తీసుకోండి. పెన్‌డ్రైవ్‌లూ పోతాయి.

ఆ గడిలో లెక్క 16 చొప్పున ఉంటుంది. 9 తర్వాత ఏ, బీ, సీ అని పోతుంది. బీ అంటే 11. పదకొండు పదహార్లు 176, దానికి 8 కలిపితే 184. అలాగే 05 ఎదురుగా ఉన్న 10 అంటే 16.

ఆ 16 ఏంటంటే, పాడైపోయాయని డిస్క్ తనకు తానే తేల్చుకుని, విడిగా దాచుకున్న మంచి సెక్టార్లు వాటికి బదులు పెట్టుకున్నవి. 184 ఏంటంటే, ప్రస్తుతం చదవలేక అలా ఆగిపోయినవి. మీ మూడు పాటల ముక్కలు వాటిలోనే ఉండుంటాయి. సీ7 సున్నా కాబట్టి కేబుల్ తప్పు లేదు, డిస్కే పోతోంది.

ఇప్పుడు డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్త డిస్క్ మీదికి ఎత్తాలి. విండోస్‌ని లేపకుండా, దాని బదులు లైనక్స్ అనే ఇంకో సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో చేస్తాం. సిస్టమ్‌రెస్క్యూ అని దొరుకుతుంది, అందులో డీడీ రెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్ ఉంటుంది. దాని తెలివి ఏంటంటే, బాగున్న చోట్లన్నీ ముందు చదివేసి, పాడైన చోటు తగలగానే దాటేసి పోతుంది. ఆ చోట్ల కోసం చివర్లో నెమ్మదిగా తిరిగొస్తుంది. అప్పటికి డిస్క్ చచ్చిపోయినా మిగతాదంతా మన చేతిలో ఉంటుంది.

కొత్త డిస్క్ 1 టీబీది కొనకండి, 2 టీబీ కొనండి. రెండు కారణాలు. కొత్తది పాతదానికంటే ఒక్క సెక్టార్ తగ్గినా కాపీ పూర్తవదు. ఇంకోటి, ఇదే ముఖ్యం, లైనక్స్‌లో డిస్కులు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కనిపిస్తాయి. ఏది ఏదో పొరబడితే ఖాళీ డిస్క్‌ని మీ పాటల మీదికి ఎత్తేస్తారు. సైజులు వేరైతే చూడగానే తెలిసిపోతుంది. అయినా సరే డిస్కుల లేబుళ్ళ మీది సీరియల్ నంబర్లు ఫొటో తీసుకుని, స్క్రీన్ మీది వాటితో కలిపి చూశాకే ఎంటర్ నొక్కండి. ఇంట్లో ఇంకొకళ్ళని పక్కన కూర్చోబెట్టి ఒకరు చదువుతుంటే ఒకరు చూడండి.

డీడీ రెస్క్యూ కమాండ్ మొదటిసారి హైఫన్ ఎన్‌తో కొట్టండి, పాడైన చోట్ల గీకకుండా. అది పూర్తయ్యాక హైఫన్ డీ, హైఫన్ ఆర్ 3తో. రెండుసార్లూ హైఫన్ ఎఫ్ ఉండాలి, లేకపోతే డిస్క్ మీద రాయనంటుంది. చివర్లో మ్యాప్‌ఫైల్ పేరు ఇవ్వాలి, ఎక్కడిదాకా చదివిందో అందులో రాసుకుంటుంది. ఆ మ్యాప్‌ఫైల్‌ని వేరే పెన్‌డ్రైవ్ మీద పెట్టండి. లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచి లేచినప్పుడు మామూలుగా అన్నీ మెమరీలోనే ఉంటాయి, మీ ఊళ్ళో కరెంటు పోతే మ్యాప్‌ఫైల్ కూడా పోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలవుతుంది.

డబ్బా పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టండి, 47 డిగ్రీలు ఎక్కువ. డిస్క్ మూత మాత్రం ఎవరు చెప్పినా విప్పకండి. లోపల చదివే ముల్లు పళ్ళెం మీద నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది, మన కంటికి కనపడని దుమ్ము కూడా దానికి బండరాయే. ఫ్రిజ్‌లో పెట్టమని కూడా కొందరు చెప్తారు. వద్దు, లోపల చెమ్మ పడుతుంది.

రాత్రి డ్యూటీ

అన్నా, సీ5 చూడకుండా స్లాష్ ఆర్ చెప్పేశాను, తప్పే. మరి చెక్‌డిస్క్ ఇక ఎప్పటికీ చేయకూడదా?

ఖమ్మం మెకానిక్

చేయాలి తమ్ముడూ, కొత్త డిస్క్ మీద. కాపీలో లెక్కల పుస్తకం తప్పులు కూడా ఉన్నవి ఉన్నట్టే వస్తాయి కదా. అక్కడ పుస్తకం మాత్రమే సరిచేసే చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ హాయిగా కొట్టుకోవచ్చు, పాతది భద్రంగా పక్కన ఉంటుంది. అక్కా, పాత డిస్క్ పీకేశాకే విండోస్ లేపండి. రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి కలిపి పెడితే విండోస్ తికమకపడుతుంది.

గోదారి గట్టు

ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మా మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, సెలవులకి వచ్చాడు. వాడే స్క్రూలు విప్పాడు. సీరియల్ నంబర్లు నేను ఫొటోలో చదివాను, వాడు స్క్రీన్ మీద చూశాడు, తర్వాత అటూ ఇటూ మారి ఇంకోసారి చూసుకున్నాం.

రాత్రి 9.10కి మొదలుపెట్టాం. ఫ్యాన్ పెట్టాక వేడి బాగా తగ్గింది. మొదట అంకెలు గబగబా పెరిగాయి, 11 శాతం దాటాక ఒక చోట వేగం సున్నాకి వచ్చి టిక్‌టిక్ మొదలైంది. నేను ఊపిరి బిగపట్టి కూర్చున్నాను. అరనిమిషం తర్వాత దానంతటదే దాటుకుని ముందుకెళ్ళింది. 1.40కి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకునేలోపు కంప్యూటర్ ఆగిపోయి మళ్ళీ లేచింది. మీరు మ్యాప్‌ఫైల్ సంగతి ముందే చెప్పకపోతే ఆ రాత్రి నేను ఏడ్చేసేదాన్ని. పెన్‌డ్రైవ్ పెట్టి అదే కమాండ్ మళ్ళీ కొడితే ఆగిన చోటే అందుకుంది. తెల్లారి ఐదింటికి మొదటి విడత అయింది. రెండో విడత పగలంతా నడిచింది. చివరికి రానివి మొత్తం కలిపి 212 కేబీలు.

పాతది పీకేసి కొత్తదాంతో లేపితే విండోస్ మామూలుగా వచ్చింది. డి మీద చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ ఆరు నిమిషాల్లో అయింది. ‘ఫౌండ్ 000’ అని ఒక ఫోల్డర్ వచ్చింది, అందులో పేర్లు లేని ముక్కలు ఏవో ఉన్నాయి.

ఆగిపోయిన మూడు పాటల్లో రెండు పూర్తిగా వచ్చేశాయండి. అప్పగింతల పాట కూడా మోగుతోంది, మధ్యలో ఒకచోట మాత్రం నాలుగు సెకన్లు లేదు. ఆ పాట పాడుతుండగా పొయ్యి మీద కుక్కర్ కూత వేసింది, అత్తయ్య పాట ఆపకుండానే చెయ్యి ఊపి నన్ను కట్టేయమన్నారు. ఆ కూత మొదలవడం వినిపిస్తుంది, ఆగడం వినపడదు. కూత సగంలో తెగి, పై చరణం అందుకుంటారు. మధ్యలో పోయిన మాటలు మా ఆడపడుచుకి కంఠతా వచ్చు. ఫోన్ చేసి చెప్పించుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పాట పోలేదు, ఆవిడ గొంతులో నాలుగు సెకన్లు పోయాయి.

ఆ నాలుగు సెకన్ల కోసం పాత డిస్క్‌ని ఇంకోసారి ప్రయత్నించవచ్చా? లేకపోతే దాన్నేం చేయాలి?

ఖమ్మం మెకానిక్

అక్కా, చదువుతుంటే నాకే గుండె నిండింది. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే సెకనుకి 16 కేబీ, నాలుగు సెకన్లంటే 64 కేబీ. మీకు రాని 212లో అది ఒక ముక్క. మూడుసార్లు గీకినా రాలేదంటే ఇంట్లో ఇక రాదు. శుభ్రమైన గదిలో మూత విప్పి ముల్లు మార్చి చదివే ల్యాబులు పెద్ద ఊళ్ళలో ఉన్నాయి, ఖర్చు వేలల్లో ఉంటుంది, అక్కడా ఆ 64 కేబీ వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. డిస్క్ పారేయకండి. దాని కవర్లో పెట్టి, పైన తేదీ, ‘పాడైంది, కరెంటు ఇవ్వొద్దు’ అని రాసి బీరువాలో పెట్టండి. రేపు మనసు మారితే ల్యాబ్‌కి పంపొచ్చు. ఇంట్లో తిప్పిన ప్రతిసారీ ఆ అవకాశం కూడా తగ్గుతుంది.

పాటలు ఒక కాపీ మీ ఆడపడుచు ఇంట్లో ఉండాలి, ఒకే కప్పు కింద అన్నీ పెట్టకండి. కంప్యూటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోండి, ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణం దాటడానికి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో కొత్త డిస్క్ మీద కూడా ఒకసారి తెరిచి ఫొటో పెట్టండి. కొత్తవి కూడా ఒక్కోసారి తేడాగా వస్తాయి.

గోదారి గట్టు

తెరిచాను తమ్ముడూ. నీలం రంగులో ఉంది. 05 సున్నా, సీ5 సున్నా, సీ6 సున్నా. యూపీఎస్ ఆదివారం తెస్తున్నాం. పెన్‌డ్రైవ్ రేపు మా ఆడపడుచు వాళ్ళ ఊరు వెళ్తోంది.